దూబగుంట రాత్రి బడి నుంచి బియ్యం మూట దాకా

1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళ చేతికి ఒక కొత్త వాచకం అందింది. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం పట్టుబడినవాళ్ళ కోసం రాసిన పుస్తకం అది. అందులో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని ఒక పాఠం ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో కూలినాలి చేసుకునే ఆడవాళ్ళు తమ ఊళ్ళోకి సారా రాకుండా ఎలా అడ్డుకున్నారో చెప్పే పాఠం. అల్లిన కథ కాదు, కొన్నాళ్ళ ముందు నిజంగా జరిగిందే. తమలాంటివాళ్ళే చేసిన పని పుస్తకంలో అచ్చయి కనబడేసరికి చదివినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయారు. మేమెందుకు చేయలేం అన్న మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది. ఆ ఏడు ముగిసేలోగా జిల్లాలో సారాకొట్లు వరసపెట్టి మూతబడ్డాయి.

తెలుగునాట ఈ ఉద్యమాన్ని సారా కథగానే చెప్పుకుంటున్నారు. దూబగుంటలో ఆ పోరాటానికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా స్థిరపడిందీ అలాగే. కానీ ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల గతం తెలిసినవాళ్ళకు అందులో మొదట కనిపించేది పొయ్యి. మగవాడి కూలి డబ్బులు సంగటి గిన్నెలోకి రాకుండా ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నదే ఆ ఆడవాళ్ళు వేసిన ప్రశ్న. దాని చరిత్ర సారాకంటే చాలా పాతది.

నెల్లూరు అనగానే పెన్న కింద మాగాణి, మొలగొలుకుల బియ్యం గుర్తొస్తాయి. అది జిల్లాలో తూర్పు సగం కథ. 1855లో నెల్లూరు దగ్గర, 1880లలో సంగం దగ్గర పెన్నకు ఆనకట్టలు కట్టారు. ఆ నీళ్ళు పల్లానికే పారాయి. పడమటి సగం వెలిగొండల పాదాల దగ్గరి మెట్ట. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం, మర్రిపాడు, అనుమసముద్రంపేట అంతా ఆ వరసే. ఎర్రమన్ను, రాతినేల. నైరుతి వానలు కొండల అవతలే సన్నగిల్లుతాయి. ఈశాన్యం కురిస్తే పంట, లేకుంటే లేదు. జొన్న, సజ్జ, వరిగ, అరికె, కొర్ర, కంది ఇక్కడి తిండిగింజలు. మంచి ఏడు పండిన జొన్నల్ని భూమిలో పాతర వేసి, లోపల వరిగడ్డి పరిచి, పైన మన్ను కప్పి చెడ్డ ఏడాదికి దాచుకునేవారు. పాతర ఖాళీ అయ్యాక రెండో కరువు వస్తే ఊరు వలస పోయేది.

ఈ నేలను ఏలినవాళ్ళకు నీటి విలువ తెలియక కాదు. ఉదయగిరి నుంచి పాలించిన విజయనగర రాకుమారుడు భాస్కరుడు, బుక్కరాయల కొడుకు, 1369లో కొండల అవతల కడప వైపు పోరుమామిళ్ళ చెరువు తవ్వించాడు. ఆ చెరువు శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు చెబుతుంది, ఉండకూడని దోషాలు చెబుతుంది. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని లెక్క కూడా రాస్తుంది. చెరువు ఎందుకు తెగుతుందో, ఎక్కడ కట్టకూడదో ఆరున్నర శతాబ్దాల కింద అంత వివరంగా రాసిపెట్టినవాళ్ళు మనకున్నారు. అదే ఉదయగిరి కోటను 1513లో కృష్ణదేవరాయలు ముట్టడించాడు. మూడు వేల అడుగుల కొండమీది కోట, గజపతుల సైన్యం. దాదాపు ఏడాదిన్నర తరవాత 1514లో గాని కోట లొంగలేదు. అంత ఎత్తున కట్టిన కోటను దింపాలంటే లోపలికి తిండి చేరకుండా దారులన్నీ కాపు కాయడమే మార్గం.

కుంఫిణీ కాలంలో ఉదయగిరి జాగీరుగా ఉండేది. కర్నూలు నవాబుతో కలిసి కుట్ర పన్నాడన్న నేరం మీద 1840 ప్రాంతంలో జాగీర్దారును చెంగల్పట్టుకు పంపేసి, ఆ ప్రాంతాన్ని సర్కారు నేరుగా తీసుకుంది. దొర మారాడు గాని పంట మారలేదు, వాన మారలేదు.

1876లో ధాత సంవత్సరం వచ్చింది. తెలుగువాళ్ళు ఇప్పటికీ ధాత కరువు అని తలుచుకునే కరువు అదే. అప్పటికి నెల్లూరుకు రైలు లేదు. సముద్రం పక్కన కాలువ మీద పడవలు నడిచేవి గాని, ఉదయగిరి దాకా గింజ రావాలంటే ఎడ్లబండే దిక్కు. కరువులో ఎడ్లకే మేత లేదు. ఆ కరువులో ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877 మొదట్లో భారత ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి పనికొచ్చే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. మన్ను మోసే మనిషికి అది ఏమాత్రం సరిపోదని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. కొన్ని నెలల తరవాత కూలి పెంచారు. ఈలోగా ఎంతమంది రాలిపోయారో.

అప్పుడు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. పని ఇచ్చి కూలి ఇస్తే కుటుంబాలు బతుకుతాయన్నది ఆయన లెక్క. మాదిగ, మాల కుటుంబాలు వేలల్లో ఆ పనికి వచ్చాయి. కరువు తీరాక 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్టిజం పుచ్చుకున్నారు. కూటికోసం మతం మారారని కొందరు అన్నారు, ఇప్పటికీ అంటారు. ఆ మాట అనడం తేలిక. కరువు రాకముందు కూడా ఆ మనుషులకు ఊళ్ళో చోటు లేదన్నది, కలిసి కూర్చుని తినడానికి పిలిచినవాళ్ళు లేరన్నది అంత తేలిగ్గా మరిచిపోయే సంగతి కాదు. అదే మిషను 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో స్థావరాలు పెట్టింది. మెట్టలో బయటి సంస్థ ఒకటి ఏళ్ళ తరబడి కాపురం ఉండటం అప్పుడే మొదలు.

ఆనకట్టల దొరలు, మిషను దొరలు, గంజి పోసిన దాతలు. మెట్ట చరిత్రలో సాయం ఎప్పుడూ ఇలా బయటినుంచే వచ్చింది, కరువు పోగానే చాలావరకు తిరిగి వెళ్ళింది. ఆదుకున్నవాళ్ళను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఊళ్ళోవాళ్ళే నడిపే, ఊళ్ళోనే మిగిలే ఏర్పాటు మాత్రం చాలాకాలం లేదు. తాగే నీళ్ళ సంగతే చూస్తే, ఈ జిల్లా పడమటి, ఉత్తరపు తాలూకాల్లో ఫ్లోరోసిస్ జబ్బును వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం 1937లోనే వైద్య పత్రికకు ఎక్కించింది. మన దేశంలో ఆ జబ్బు మీద తొలి నివేదికల్లో అదొకటి. పేరు తెలిశాక కూడా ఉదయగిరి, వరికుంటపాడు పల్లెలు దశాబ్దాలపాటు అవే బావుల నీళ్ళు తాగాయి.

తిండి విషయంలో పెద్ద మార్పు 1983లో వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. ఇంటికి నెలకు పాతిక కిలోలు మించకుండా. అయిదుగురు కూలికి పోయే ఇంటికి అది సగం నెలకు కూడా బొటాబొటి. అయినా జొన్నకూడు తప్ప ఎరగని ఇళ్ళలో రోజూ వరి అన్నం వండటం మొదలైంది. ఆ మేలును కాదనలేం. దాని వెంట ఇంకొకటి కూడా వచ్చింది. వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చే ఏర్పాటు. చౌకధరల దుకాణం నెలకు కొన్ని రోజులే తెరిచేవారు, దానికీ మైళ్ళు నడవాలి. సారా మాత్రం గడప ముందుకే వచ్చేది. రాష్ట్రానికి అబ్కారీ రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు, 1991-92 నాటికి 812 కోట్లు. ఒక చేత్తో బియ్యం ఇచ్చి ఇంకో చేత్తో సారా పోసిన లెక్క ఇది. ఆ రెండు చేతుల మధ్య నలిగింది ఇంటావిడ. పైగా 1992లో బియ్యం ధర కిలో మూడున్నరకు పెరిగింది.

అక్షర దీపం పేరుతో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది ఈ నేపథ్యంలోనే. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, టీచర్లు, కుర్ర వలంటీర్లు రాత్రి బడులు నడిపారు. కళాజాతాలు ఊళ్ళు తిరిగాయి. ఆ బడుల తొలి వాచకంలో సీతమ్మ కథ ఉంది, తాగుడుతో చితికిన ఇంటి కథ. పాఠం చదివి పక్కన పెట్టేసే పిల్లలు కారు వీళ్ళు. పగలంతా నాట్లు, కలుపు, పొగాకు తోటల్లో కూలి చేసి లాంతరు ముందు కూర్చున్న తల్లులు. పాఠం మీద చర్చ ఎక్కడ మొదలైనా ఇంటి ఖర్చు దగ్గర ఆగేది. హైదరాబాదులోని అన్వేషి పరిశోధక బృందం ఈ పల్లెలు తిరిగి 1993లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగినది. ఆడవాళ్ళు తాగుబోతు మగడి మీద మాత్రమే కోపం పెట్టుకోలేదని, సారాను గడపలోకి తెచ్చిన ప్రభుత్వాన్ని నిలదీశారని వాళ్ళు గమనించారు.

నిలదీసిన తీరు కూడా వాళ్ళ చేతికి అందిన వస్తువులతోనే. చీపురు, కారప్పొడి, రోకలి. సారా జీపును ఊరి పొలిమేరలోనే తిప్పి పంపడం, ప్యాకెట్లను రోడ్డు మీద పోసి తగలబెట్టడం, తాగినవాడికి గుండు గీయించి ఊరేగించడం. కలెక్టరు కచేరీ దగ్గర సారా వేలంపాట పెడితే వందలమంది వచ్చి అడ్డంగా కూర్చున్నారు. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. చివరికి 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ తిరిగి గెలిచినప్పుడు ఇచ్చిన మాటల్లో రెండు ముఖ్యమైనవి: సంపూర్ణ మద్యనిషేధం, మళ్ళీ రెండు రూపాయలకే బియ్యం. రెండూ ఒకే ఇంటి కష్టానికి రెండు మందులని మెట్ట ఆడవాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు. 1995 జనవరి 16న అమల్లోకి వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. సారా నిషేధం నిలిచింది. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

కథ అక్కడితో ముగిస్తే సగమే చెప్పినట్టు. సారా ఆగింది సరే, ఆ మిగిలిన రూపాయి ఏమైంది?

1993లోనే జిల్లా యంత్రాంగం, ఉద్యమంలో కలిసి తిరిగిన ఆడవాళ్ళు కలిసి పొదుపు లక్ష్మి అనే పథకం మొదలుపెట్టారు. రోజుకు ఒక రూపాయి, నెలకు ముప్పై. పది పదిహేనుమంది ఒక సంఘం. ఒక లీడరు, ఒక తీర్మానాల పుస్తకం, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఒక ఖాతా. ముప్పై రూపాయలతో ఏం వస్తుందని నవ్వినవాళ్ళు ఉన్నారు. కూలి ఇంట్లో కష్టం ఒక్కసారిగా లక్ష రూపాయల రూపంలో రాదు. పిల్లకు జ్వరం, విత్తనాల మూట, పొయ్యి మీదికి గింజలు లేని నాలుగు రోజులు, ఇలా చిల్లరగా వస్తుంది. ఆ నాలుగు రోజులకు నూటికి అయిదు, పది వడ్డీకి తెచ్చిన అప్పే కుటుంబాన్ని ముంచేది. సంఘంలో నూరో రెండొందలో చేబదులు దొరికితే ఆ వడ్డీ గండం తప్పినట్టే. గూడూరు, కావలి, ఆత్మకూరు, ఉదయగిరి దాకా జిల్లాలో వేల సంఘాలు పుట్టుకొచ్చాయి. అంతకు ఏడాది ముందు, 1992లో, నాబార్డు దేశంలో కొన్ని వందల సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. నెల్లూరు ఆడవాళ్ళకు అప్పటికే కలిసి కూర్చునే అలవాటు, మగవాళ్ళ ముందు, ఆఫీసర్ల ముందు నోరు విప్పే ధైర్యం ఉన్నాయి. సారా ఉద్యమం ఇచ్చిన అసలు ఆస్తి అదే. రాష్ట్రమంతా డ్వాక్రా సంఘాలు అల్లుకున్నప్పుడు చూపించిన నమూనా నెల్లూరు పొదుపే.

2000లో ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను, అందరూ సెర్ప్ అనే దాన్ని, సొసైటీగా రిజిస్టరు చేసింది. వెలుగు పథకం మొదట ఆరు జిల్లాలకు, తరవాత నెల్లూరుతో సహా మిగతా వాటికి వచ్చింది. సంఘాల మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య ఏర్పడ్డాయి. వెలుగు చేసిన పనుల్లో అంతగా ప్రచారం పొందనిది, మెట్టకు మాత్రం చాలా దగ్గరిది ఒకటుంది. బియ్యం అప్పు. చౌకధరల దుకాణంలో వచ్చే బియ్యం పోగా నెలకు ఇంకా ఎన్ని కిలోలు కావాలో ప్రతి సభ్యురాలూ సంఘంలో చెప్పేది. సంఘాల లెక్కలన్నీ కలిపి గ్రామ సమాఖ్య ఒకేసారి మిల్లులోనో రైతు దగ్గరో కొనేది. టోకున కొనేవారు కాబట్టి ధర తగ్గేది. తూకం ఊళ్ళోనే, అందరి ముందే. డబ్బు కంతుల్లో కట్టేవారు. ఎవరి దయా అక్కర్లేదు, వరసలో నిలబడి చేయి చాపే పని లేదు. పంట లేని నెలల్లో పల్లెలో ఏ ఇంట్లో పొయ్యి ఆరిందో బయటి అధికారికి తెలియదు. సంఘం లీడరుకు తెలుస్తుంది.

టెంపుల్ కాలంలో తిండి ఎంత కావాలో దొర లెక్కగట్టాడు. ఇక్కడ ఆ లెక్క తినే మనిషే చెప్పింది. కరువు సాయం చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు మెట్టలో జరగలేదని నమ్మకంగా చెప్పవచ్చు.

ఒక నష్టం కూడా ఒప్పుకోవాలి. బియ్యం అప్పు బియ్యాన్నే తెచ్చింది. మెట్ట పొలాల్లోంచి జొన్న, సజ్జ, వరిగ అప్పటికే వెళ్ళిపోతున్నాయి. రేషనులో వరి బియ్యమే వచ్చేది కాబట్టి జొన్న పండించే అవసరం తగ్గింది, చేను పొగాకుకు పోయింది. కలిగిరిలో, మర్రిపాడు మండలం డీసీ పల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. పొగాకు డబ్బు తెచ్చింది, ఇళ్ళు కట్టించింది. ధర పడిన ఏడు రైతును చేలోనే కూల్చింది. 2000-01లో రాష్ట్రంలో పొగాకు సాగుకే విరామం ప్రకటించాల్సి వచ్చింది. తినలేని పంట వేసి, దాని డబ్బుతో డెల్టా బియ్యం కొనుక్కునే స్థితికి మెట్ట వచ్చింది.

ఇదే కాలంలో అప్పటి మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతంలో ఇంకో దారి నడిచింది. పస్తాపూరు కేంద్రంగా 1983లో పి.వి. సతీష్, మిత్రులు మొదలుపెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా సంఘాలు 1990ల నడుమ ముప్పై పైచిలుకు ఊళ్ళలో బీడు పడిన భూముల్ని దున్నించి జొన్న వేయించాయి. రైతు తీసుకున్న సాయాన్ని గింజల రూపంలో సంఘానికి తిరిగి ఇచ్చేవాడు. ఆ గింజల్ని ఊళ్ళోనే నిలవ చేసి, ఎవరు ఎంత పేదవారో ఊరివాళ్ళే తేల్చి, వానాకాలపు ఆకలి నెలల్లో చౌకగా ఇచ్చారు. విత్తనాలు ఇళ్ళలోనే దాచారు. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ ఆ సంఘాలకు దక్కింది. నెల్లూరు మెట్టకు పొదుపు బలం ఉంది, జహీరాబాదుకు గింజ బలం ఉంది. రెండూ ఒకచోట కలవకపోవడం మన కాలపు లోటు.

పొదుపు బలానికీ పరీక్షలు వచ్చాయి. బ్యాంకు అప్పు పెరిగేకొద్దీ సంఘం అప్పు వసూలు చేసే పనికే కుదించుకుపోయింది. ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలు గడపలోకి వచ్చి వారంవారం కంతులు అడిగాయి. ఒక ఇంటికి నాలుగైదు అప్పులు చుట్టుకుని, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా డ్వాక్రా అప్పు మాఫీ మాట, సున్నా వడ్డీ మాట. తమ రూపాయితో మొదలైన సంఘం ఎవరో ఇచ్చే పథకంగా మారిపోతే, 1992 నాటి ధైర్యం మెల్లగా కరిగిపోతుంది. ఈ భయం ఊళ్ళలో పెద్ద తరం ఆడవాళ్ళు చెప్పుకునేదే.

అయినా ఆ నిర్మాణం కూలలేదు. 2004లో సెర్ప్ పురుగుమందులు లేని సాగును చేపట్టినప్పుడు అది రైతుల దగ్గరికి వెళ్ళింది ఈ సమాఖ్యల ద్వారానే. తరవాత రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని కూడా ఇవే సంఘాల మీద నిలబెట్టింది. 2018 నుంచి వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాల విత్తనాలకు మట్టిపూత పూసి చల్లే పద్ధతిని ప్రచారం చేస్తున్నారు. ఉదయగిరి లాంటి నేలకు అది సరిగ్గా సరిపోయే ఆలోచన. 2020లో కరోనాతో అన్నీ మూతపడినప్పుడు రాష్ట్రంలో లక్షల మాస్కులు కుట్టింది కూడా ఈ సంఘాల ఆడవాళ్ళే.

నీటి సంగతి మాత్రం అక్కడే ఉంది. సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే కట్టారు. 78 టీఎంసీలు పట్టే ఆ నీళ్ళు డెల్టాకు పోతాయి, కండలేరు మీదుగా చెన్నైకి పోతాయి. ఎత్తున ఉన్న మర్రిపాడు, ఉదయగిరి చేలకు ఇవ్వాల్సిన హైలెవల్ కాలువ పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి.

ఆ కాలువ వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటి మెట్టలో ఉంది. పొడి నేలలో జొన్న, కొర్ర, కంది వేస్తున్న సంఘాలూ, నెలనెలా బియ్యం కొనుగోలు లెక్కలు రాసిన గ్రామ సమాఖ్యలూ ఒకే ఊళ్ళలో, తరచుగా ఒకే ఇళ్ళలో ఉన్నాయి. సమాఖ్య కొనుగోలు పుస్తకంలో బియ్యం పక్కన జొన్నలకు, కొర్రలకు ఒక గడి గీసి, తమ చేలోని గింజకు తామే ముందు ధర చెబితే, కలిగిరిలో పొగాకు ధర పడిన ఏడాది కూడా ఆ ఊళ్ళో కొనడానికి, వండటానికి, అమ్ముకోవడానికి తిండిగింజ ఒకటి మిగులుతుంది. దానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు, సంఘం సమావేశంలో ఒక తీర్మానం చాలు.